ఇంటికి తెచ్చిన వీధికుక్క నాలుగు రోజులైంది, మూల వదిలి రావట్లేదు. నిన్న పళ్ళు వేసింది. ఏం చెయ్యాలి?

కిటికీపక్క:
శనివారం సాయంత్రం ఒక ఆడ వీధికుక్కను ఇంటికి తెచ్చాను. ఏడాదిన్నర ఉంటుందేమో. ఆగి ఉన్న ఒక లారీ కింద మూడు రోజులుగా ఒకే చోట పడి ఉంది. ఒంటి మీద సగానికి పైగా బొచ్చు లేదు. చర్మం మందంగా ముడతలు పడి బూడిదరంగుకు తిరిగింది. చెవుల అంచులు పొరలు పొరలుగా పెచ్చుకట్టాయి, చెవి మడతల్లో కందిగింజల్లా పిడుదులు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు.

దుప్పటి కప్పి ఎత్తుకుంటే కిక్కురుమనలేదు. డాక్టరు సూది వేసినా కదల్లేదు. ఎంత సాధుజీవో అనుకున్నాను. ఇంటికి రాగానే వెనక గదిలో బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరింది. అంతే, నాలుగు రోజులుగా అక్కడే. నేను గదిలోకి వెళ్తే వణుకుతుంది, పడుకున్నచోటే మూత్రం పోసేస్తుంది. నేను ఉన్నంతసేపు గిన్నె వంక చూడదు.

నిన్న మాత్ర వెయ్యాలని మెడ దగ్గర పట్టుకుని బయటికి లాగబోయాను. ఒక్కసారిగా పళ్ళు వేసింది. చూపుడువేలు మీద గీత పడి ఒక రక్తపు చుక్క వచ్చింది. ఇంట్లో అందరూ "అన్నం పెట్టిన చేతినే కరిచింది, తెచ్చినచోటే వదిలేసి రా" అంటున్నారు. బంధువు ఒకాయన కాలిన ఇంజనాయిల్ ఒళ్ళంతా పూస్తే గజ్జి పోతుందని డబ్బా తెచ్చి మరీ పెట్టాడు. నేను దాన్ని కాపాడానా, ఇంకా ఎక్కువ భయపెట్టానా, నాకే తెలియట్లేదు.

రాత్రిడ్యూటీ:
మిగతావన్నీ తర్వాత. వేలు ఎలా కడిగారు? టీకా వేయించుకున్నారా?

కిటికీపక్క:
నీళ్ళతో కడిగి ఆయింట్‌మెంట్ రాశాను. చిన్న గీతే కదా అని ఊరుకున్నాను.

రాత్రిడ్యూటీ:
నేను నర్సును, కుక్కకాటు కేసులు రోజూ చూస్తాను. రక్తపు చుక్క వచ్చిందంటే చర్మం తెగినట్టే. ఇది చదవగానే లేచి కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, మన అంచనాలో 15 నిమిషాలంటే రెండు నిమిషాలే అవుతుంది. తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చర్మం తెగిన కాటు మూడో తరగతి. అంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల సూది) కూడా వెయ్యాలి. ఒకరోజు ఆలస్యమైందని మానేయకండి, ఎప్పుడు గుర్తొస్తే అప్పుడే మొదలుపెట్టాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ముందే వేసుకుంటే దాదాపు ఎవరికీ రాదు.

శేషు_బండి:
అంత టెన్షన్ పెట్టకండి పాపం. కుక్కను పది రోజులు చూస్తే చాలు, బాగుంటే టీకా అక్కర్లేదు. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే పద్ధతి.

రాత్రిడ్యూటీ:
శేషు గారూ, పది రోజుల మాట అబద్ధం కాదు, కానీ మీరు సగమే చెప్పారు. ఉమ్ములో వైరస్ ఉన్న కుక్క పది రోజుల్లోపే జబ్బు బయటపడి చనిపోతుంది, అందుకే ఆ గడువు. అయితే ఆ పది రోజులూ చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. టీకా ఈరోజే మొదలుపెట్టాలి. పదో రోజుకి కుక్క నిక్షేపంగా ఉంటే మిగతా డోసులు ఆపాలా వద్దా అనేది డాక్టరు చెప్తారు. ముందు చూసి తర్వాత వేసుకుందాం అనుకున్నవాళ్ళను నేను చూశాను. దాని గురించి ఇక్కడ రాయలేను.

శేషు_బండి:
సరేనండి. మీరు రోజూ చూసేవారు, నేను విన్న మాట చెప్పాను. కిటికీపక్క గారూ, ఆవిడ చెప్పినట్టే చెయ్యండి.

పశువైద్యురాలు_ఎస్:
రెండు ప్రశ్నలు, ఖచ్చితంగా జవాబు కావాలి. మీరు గదిలో లేనప్పుడు అది తింటోందా, నీళ్ళు తాగుతోందా? చొంగ కారడం, కింది దవడ వేలాడటం, మింగలేకపోవడం, గొంతు బొంగురుపోవడం ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?

కిటికీపక్క:
ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. వేలి చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ వేశారు, భుజానికి మొదటి డోసు వేశారు. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు రమ్మన్నారు. రాత్రిడ్యూటీ గారికి నా దండం.

డాక్టరు గారూ, రాత్రి పెట్టిన నీళ్ళు పొద్దున్నకి ఖాళీ అవుతున్నాయి. ఉడికించిన చికెన్ ముక్కలు కూడా ఉండట్లేదు. చొంగ లేదు.

పశువైద్యురాలు_ఎస్:
మంచిది. ఒంటరిగా ఉన్నప్పుడు తిని తాగుతోందంటే మింగడం బాగానే ఉంది, మీ ముందు తినకపోవడం భయమే. పది రోజులు పూర్తయ్యేదాకా దాన్ని ఎక్కడికీ వదలకండి. దానికి రేబిస్ టీకా కూడా ఆ గడువు దాటాకే వేయించండి. ఎవరి చెయ్యీ దాని నోటి దగ్గరికి వెళ్ళకూడదు.

ఆ ఇంజనాయిల్ డబ్బా ఇంట్లోంచి తీసెయ్యండి. బొచ్చు లేని చర్మం నుంచి అది నేరుగా లోపలికి దిగుతుంది. పైగా కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, అంటే తాగించినట్టే. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల్ని చాలా చూశాను, వాటన్నిటికీ ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే పూశారు. కిరోసిన్, ఫినాయిల్ కూడా అంతే.

మందులు ఏం రాశారో చెప్పండి.

కిటికీపక్క:
రక్తపరీక్షలో పిడుదుల జ్వరం అని వచ్చింది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయి. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు. గజ్జికి నమిలే మాత్ర ఒకటి రాశారు. చర్మం గీకి చూస్తే పురుగేమీ కనబడలేదట, అయినా గజ్జిమందు వెయ్యమన్నారు. పురుగే లేనప్పుడు మందు ఎందుకని మా ఇంట్లో అంటున్నారు.

పశువైద్యురాలు_ఎస్:
మీ డాక్టరు సరిగ్గా చేశారు. మీరు చెప్పిన చెవి అంచుల పెచ్చులు సార్కాప్టెస్ గజ్జికి బాగా కలిసే గుర్తు. ఆ పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని ఉంటుంది. గీకిన చోట దొరికితే దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు. దొరకలేదంటే లేదని కాదు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే మందు వేసి చూస్తాం. ఇది మనుషులకూ అంటుతుంది. చేతుల మీద, పొట్ట మీద దురద పొక్కులు వస్తే కంగారుపడకండి, కానీ చర్మం డాక్టరుకు "ఇంట్లో గజ్జి కుక్క ఉంది" అని చెప్పండి. కుక్కల గజ్జిపురుగు మన ఒంటి మీద సంతతి పెంచుకోలేదు, కుక్క నయమైతే మనదీ పోతుంది. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకండి.

డెమోడెక్స్ అని ఇంకో రకం ఉంది, అది వెంట్రుక కుదుళ్ళలో ఉంటుంది, మనకు అంటదు. పుట్టిన మొదటి రోజుల్లో తల్లి పాలు తాగేటప్పుడు పిల్లకు వస్తుంది, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తుంది. ఆ నమిలే మాత్రలు రెండిటికీ పనిచేస్తాయి, పిడుదుల్నీ చంపుతాయి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే మాత్రం ముందే చెప్పాలి.

తూనీగ:
మా ఊరి వాళ్ళు పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు సూదిని కుక్కలకీ వేసేస్తారు. అది మంచిదేనా డాక్టరమ్మా?

పశువైద్యురాలు_ఎస్:
మోతాదు తెలిసిన డాక్టరు వేస్తే మంచి మందే. పశువు బరువుకి తయారైన సీసాలోంచి ఉజ్జాయింపుగా లాగి కుక్కకు గుచ్చితే ప్రాణం మీదికి వస్తుంది. కోలీ జాతి రక్తం ఉన్న చాలా కుక్కల్లో ఒక జన్యులోపం ఉంటుంది, 2001లో కనిపెట్టారు. వాటిలో ఆ మందు మెదడులోకి చొరబడుతుంది. వీధికుక్కలో ఏ జాతి రక్తం ఉందో పైకి చూసి ఎవరు చెప్పగలరు?

మూడుకుక్కలఇల్లు:
డాక్సీ గురించి నా అనుభవం. మూడు తప్పులు చేశాను, మీరు చెయ్యకండి. ఖాళీ కడుపున వేశాను, కక్కేసింది. పాలలో కలిపి వేశాను, పాలలోని కాల్షియం వల్ల మందు ఒంటికి పట్టడం తగ్గుతుందని తర్వాత తెలిసింది. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆరో రోజుకి లేచి తోక ఊపుతూ తిరుగుతుంటే బాగైపోయిందని మానేశాను. నెలన్నరకు ముక్కులోంచి రక్తం కారింది. రెండోసారి కోలుకోవడానికి పడిన కష్టం మొదటిసారికి రెట్టింపు. 28 అంటే 28. క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి.

పిడుదుల్ని చేత్తో నలపకండి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. మీ కుక్క విషయంలో ఇప్పుడు అది కుదరదు, మాత్రే చంపుతుంది. కానీ గది గోడల పగుళ్ళు చూడండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. నేను కుక్కకే వైద్యం చేశాను, గోడకు చెయ్యలేదు. నెలకే మళ్ళీ మొదటికొచ్చింది.

ఉప్పుగాలి:
ఇక్కడే నాదీ ఒక సందేహం. మా ఇంట్లో ముందే ఒక కుక్క ఉంది. నిన్న దొరికిన కుక్కపిల్లను దాని పక్కనే పడుకోబెట్టాను, తోడుగా ఉంటుందని.

పశువైద్యురాలు_ఎస్:
ఇప్పుడే వేరు చెయ్యండి. కనీసం 14 రోజులు వేరే గది, వేరే గిన్నెలు, వేరే చెప్పులు. ముందు మీ కుక్క పని చేసి ఆ తర్వాతే పిల్ల దగ్గరికి వెళ్ళండి. డిస్టెంపర్, పార్వో అని ప్రాణం తీసే వైరస్ జబ్బులున్నాయి, రెండూ ఆరోగ్యంగా కనిపించే పిల్లలో కూడా లోపల మొదలై ఉండొచ్చు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు, పలచగా కలిపిన బ్లీచ్‌తో కడగాలి. మీ కుక్కకు టీకాలన్నీ అయ్యాయా?

ఉప్పుగాలి:
పోయిన ఏడాదివి అయ్యాయి. వేరు చేశాను. పిల్ల ఏడుస్తోంది, గుండె తరుక్కుపోతోంది.

పశువైద్యురాలు_ఎస్:
ఏడవనివ్వకండి, గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టండి, మీరు వెళ్ళి కూర్చోండి. తోడు మీరు ఇవ్వండి, మీ కుక్కను పంపకండి.

వాన_వెలిసాక:
మందుల గురించి పెద్దవాళ్ళు చెప్పారు. నేను భయం గురించి చెప్తాను. కిటికీపక్క గారూ, దాన్ని ఆ సందులోంచి తీసి ఒళ్ళో పెట్టుకోండి. తువ్వాలు చుట్టి గట్టిగా గుండెకు హత్తుకోండి. మొదట గింజుకుంటుంది, గంటలో లొంగిపోతుంది. ప్రేమ అంటే ఏంటో తెలియని జీవికి మనమే చూపించాలి. నేను ఒకదాన్ని అలాగే మాలిమి చేశాను.

నెమలికన్ను:
ఈ సలహాతో నేను అస్సలు ఒప్పుకోను. కోపంతో కాదు, నేనూ ఒకప్పుడు అదే చేశాను కాబట్టి చెప్తున్నాను.

గింజుకోవడం ఆగిపోయిందంటే భయం పోయిందని కాదు. తప్పించుకునే దారి లేదని తెలిసి ఆగిపోవడం అది. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద చేసిన ప్రయోగం ఉంది. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావి తర్వాత చిన్న అడ్డు దాటితే చాలు షాకు తప్పుతుందన్నా దాటలేదు, కూలబడి మూలిగాయి. చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే నా ఒళ్ళో "లొంగిపోయిన" కుక్క ముఖం గుర్తొచ్చింది. కళ్ళు పెద్దవై తెల్లగుడ్డు కనబడుతూ, నోరు బిగించి, అరికాళ్ళు చెమట పట్టి తడిగా. అది ప్రశాంతత అనుకున్నాను నేను.

మీరు డాక్టరు దగ్గర చూసిన "సాధుజీవి" కూడా అదే. అక్కడ అది భయంతో గడ్డకట్టుకుపోయింది. ఇప్పుడు పళ్ళు చూపించిందంటే మీ ఇంట్లో వద్దు అని చెప్పే ధైర్యం వచ్చింది. అది దిగజారలేదండి.

వాన_వెలిసాక:
నా కుక్క ఇప్పుడు నా మంచం మీదే పడుకుంటుంది. మరి దానికేమంటారు?

నెమలికన్ను:
సంతోషం అంటాను. కొన్ని కుక్కలు మన తప్పుల్ని కూడా దాటుకుని వస్తాయి. కానీ అది ఎన్నో రోజుకి తనంతట తాను మీ దగ్గరికి వచ్చిందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

వాన_వెలిసాక:
ఆలోచించాను. నిజమే, హత్తుకున్న రోజులన్నీ నేను వెళ్ళిందే. ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేదు. ఆ రెండో రాత్రి అదే వచ్చి మంచం కోడు దగ్గర పడుకుంది. ఇన్నాళ్ళూ నా ఒడే మార్చింది అనుకున్నాను.

తూనీగ:
ఈ మాట చదివి కాసేపు ఆగిపోయాను.

కిటికీపక్క:
నెమలికన్ను గారూ, మరి నేను ఏం చెయ్యాలి? మందు ఆగకూడదు, ముట్టుకోకూడదు. రెండూ ఎలా?

నెమలికన్ను:
ముందు ఆ సందును దాని ఇల్లుగా ఒప్పుకోండి. లోపల మెత్తటి పరుపు వెయ్యండి, మీకూ దానికీ మధ్య ఒక అట్టపెట్టె పెట్టండి. పెట్టెకు రెండు వైపులా దారి ఉండాలి, ఒకే దారి ఉంటే అది ఇరుక్కున్నట్టే. పాత ఫోను ఒకటి కెమెరాలా పెట్టుకుంటే మీరు లేనప్పుడు ఏం చేస్తోందో తెలుస్తుంది.

రోజుకి నాలుగైదుసార్లు, అవే వేళలకు వెళ్ళండి. తలుపు తీసే ముందు ప్రతిసారీ ఒకటే మాట అనండి. ఎదురుగా నిలబడకండి, పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, కళ్ళలోకి చూడకండి. చెయ్యి చాచకండి. ఏదైనా చదువుకోండి, పైకి చదివినా మంచిదే, మీ గొంతు అలవాటవుతుంది. పది నిమిషాల తర్వాత లేచి వచ్చెయ్యండి.

తిండి ముక్కలు విసిరేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తమ వైపు రావాలని దగ్గర దగ్గరగా వేసుకుంటూ పోతారు. ఆకలితో కుక్క వస్తుంది, తిన్నాక తల ఎత్తి చూస్తే మనిషి పక్కనే ఉంటాడు, గుండె ఆగినంత పని. మీరు దాని వెనక్కి విసరండి. ముక్క తినడానికి అది మీ నుంచి దూరంగా వెళ్తుంది, ఆ దూరం దానికి హాయి. తర్వాత తిరిగి వస్తే అది దాని ఇష్టంతో వచ్చినట్టు.

మూత్రం పోస్తే ఏమీ అనకండి, అప్పుడే తుడవకండి కూడా. అది వెయ్యగలిగిన దండం అదొక్కటే. భయపడ్డప్పుడు మెత్తగా మాట్లాడితే భయం ఎక్కువవుతుందని కొందరు అంటారు, ఆ మాట నమ్మకండి. ఓదార్పు భయాన్ని పెంచదు.

మూడుకుక్కలఇల్లు:
మాత్రకు నా పద్ధతి: మూడు ముక్కలు. మొదటిది వట్టి ముక్క. రెండోదాంట్లో మాత్ర. రెండోది నోట్లో ఉండగానే మూడోది కనబడాలి. మూడోదాని ఆత్రంలో రెండోది నమలకుండా మింగేస్తుంది. మా పెద్దది ఇంకా తెలివైనది, మాత్రను మాత్రం నీటుగా కడిగినట్టు చేసి నా కాలి దగ్గర పెట్టి వెళ్ళేది. దానికి నాలుగు ముక్కల పద్ధతి కనిపెట్టాల్సి వచ్చింది.

కిటికీపక్క:
మూడు ముక్కలు వెనక్కి విసిరి తలుపు వేసుకుని ఫోనులో చూశాను. మాత్ర పోయింది! నాలుగు రోజుల్లో మొదటిసారి!! ఇక మనస్ఫూర్తిగా పెట్టొచ్చు కదా, ఒక పెద్ద గిన్నెడు పెట్టనా?

శేషు_బండి:
ఆగండి ఆగండి. దయచేసి వద్దు. ఇందాక నేను తప్పు సలహా ఇచ్చాను, ఇది మాత్రం నా కళ్ళతో చూసింది. చెరువు గట్టున ఎముకల గూడులా దొరికిన ఒక మగకుక్కకు మొదటిరోజే కడుపు నిండా పెట్టాను. అది తిన్న తీరు చూసి నా కళ్ళు నిండాయి. రెండోరోజూ అంతే. మూడోరోజు కాళ్ళు వణికి పడిపోయింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేలోపే పోయింది. ఆకలితో చావలేదండి, నేను పెట్టిన తిండితో పోయింది. అప్పటి నుంచి ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఈ ఒక్కటీ చెప్తాను.

పశువైద్యురాలు_ఎస్:
శేషు గారూ, మీకు తెలియక జరిగింది. దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. చాలా రోజులు పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి, గుండె తట్టుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత విడుదలైన ఖైదీల్లో కూడా ఇలాగే చనిపోయినవాళ్ళు ఉన్నారు, వైద్యులకు ఇది తెలిసింది వాళ్ళ వల్లే.

కిటికీపక్క గారూ, ఇప్పటిదాకా పెడుతున్నంతే పెట్టండి, దాన్నే నాలుగైదు భాగాలు చెయ్యండి. వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి. నులిపురుగుల మందు కూడా ఒంట్లో కాస్త బలం వచ్చాకే. ఇంకోటి, జ్వరమనిపించి మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వెయ్యకండి, రెండూ కుక్కలకు విషమయ్యే మందులే. ముక్కు పొడిగా ఉంటే జ్వరం అనే లెక్క కూడా వద్దు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. చిగుళ్ళు పాలిపోయాయా, నీరసం పెరిగిందా, ముక్కులో రక్తమా, ఇవి చూడండి. ఏది కనబడినా ఆగకుండా తీసుకెళ్ళాలి.

రాత్రిడ్యూటీ:
ఇవాళ మూడో రోజు. రెండో డోసు?

కిటికీపక్క:
అయింది. మీరు గుర్తుచేయకముందే వెళ్ళాను.

తూనీగ:
ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారు?

కిటికీపక్క:
అమ్మ ఇంకా కోపంగానే ఉంది. కానీ నిన్న రాత్రి ఫోను తెర మీద అది పెట్టెలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి వాసన చూస్తుంటే నా వెనక నిలబడి చూసింది. "ఒళ్ళంతా ఎంత గోక్కుంటోందో" అని వెళ్ళిపోయింది.

పేరు పెట్టాను. మిణుగురు. చీకట్లో ఆ సందులో రెండు కళ్ళే మెరుస్తాయి.

ఉప్పుగాలి:
మంచి పేరు. మా పిల్లకు నిన్నటి నుంచి విరేచనాలు, డాక్టరు దగ్గరే ఉన్నాం. పార్వో పరీక్షలో నెగెటివ్ వచ్చింది, పురుగులట. వేరు చెయ్యమని చెప్పినందుకు థాంక్స్ డాక్టరు గారూ. ఒకవేళ అదే అయ్యుంటే మా పెద్దోడి గతేంటి అని చెయ్యి వణికింది.

గాలివాటు:
చాలా రోజులుగా చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. ఒక్కటి చెప్పాలి. తలుపులు.

నేను తెచ్చిన కుక్క తొమ్మిదో రోజుకి నా చేతిలో తినేది. ఇక మచ్చికైపోయిందని మెడపట్టీకి తాడు కట్టి వాకిట్లోకి తీసుకెళ్ళాను. ఎక్కడో ఇనప రేకు పడిన చప్పుడైంది. అది ముందుకు పరిగెత్తలేదు, వెనక్కి గుంజింది. పట్టీ చెవుల మీదుగా జారి నా చేతిలో మిగిలింది. పేరు పెట్టి అరుస్తూ వెంటపడ్డాను, అది ఇంకా వేగంగా పోయింది. దాని దృష్టిలో ఆ క్షణం నేనూ తరుముతున్నవాళ్ళలో ఒకణ్ణి. మూడేళ్ళయింది, దొరకలేదు. ఆ పట్టీ ఇంకా నా సొరుగులోనే ఉంది.

బయటికి తీసే రోజు వస్తే పట్టీకి ఒక తాడు, ఒంటికి తొడిగే హార్నెస్‌కి ఇంకో తాడు, రెండూ ఉండాలి. గదికి రెండు తలుపులుంటే ఒకటి మూశాకే రెండోది తెరవండి. పారిపోతే వెంటపడకండి. పక్కకు తిరిగి కూర్చుండిపోండి. అది పడుకున్న దుప్పటి పారిపోయిన చోటే ఉంచండి, రాత్రిళ్ళు ఆ వాసనకు తిరిగొచ్చేవి ఉంటాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

వాన_వెలిసాక:
గాలివాటు గారూ, రాసినందుకు మీకు దండం. ఈ వారమే ఒకదాన్ని తాడు కట్టి బయటికి తీద్దామనుకున్నాను. ఇక రెండు తాళ్ళు కొన్నాకే.

కిటికీపక్క:
పదకొండో రోజు. డాక్టరుకు ఫోను చేశాను, కుక్క బాగుంది కాబట్టి డోసులు ఆపొచ్చు, కానీ వీధిలో మళ్ళీ ఇలాంటి పని చేస్తారు కదా, పూర్తి చేసుకోండి అన్నారు. చేసుకుంటున్నాను.

ఇవాళ జరిగింది రాయాలి. సాయంత్రం గదిలో దానికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుతున్నాను. వెనక నుంచి చిన్న చప్పుడు. చప్, చప్. ఆగింది. మళ్ళీ చప్, చప్, చప్. నేను గదిలో ఉండగా నీళ్ళు తాగుతోంది! తిరిగి చూడకుండా ఉండటానికి మెడ నరాలు లాగేశాయి. పేపరు అదే లైను మళ్ళీ మళ్ళీ చదివాను. తాగడం అయ్యాక ఒక నిట్టూర్పు, గోళ్ళ చప్పుడు, పెట్టెలోకి వెళ్ళిపోయింది. మూత్రం పోయలేదు.

నెమలికన్ను:
తిరిగి చూడలేదు కదా! ఈరోజు మీరు చేసిన పనుల్లో అదే కష్టమైనది.

తూనీగ:
ఇంకో ఆరు నెలలకు మామూలు పెంపుడు కుక్కలా అయిపోతుందా? తోక ఊపుతూ గేటు దగ్గరికి ఎదురొచ్చేలా?

నెమలికన్ను:
అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా లోకం ఇదీ అని మనసులో ముద్రపడే కాలం. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి దీన్ని పరిశీలించారు. ఆ వారాల్లో మనిషి చెయ్యి తగలని కుక్కకు తర్వాత మనుషులు ఎప్పుడూ కొంచెం కొత్తే. మిణుగురు ఏ రకమో ఇంకా తెలియదు. నా దగ్గరున్నది ఐదేళ్ళు నాతో ఉంది, చుట్టాలొస్తే ఇప్పటికీ మంచం కిందకే పోతుంది. పోనీ పాపం. చుట్టాలు వెళ్ళాక వచ్చి నా కాళ్ళ మీద పడుకుంటుంది. గేటు దగ్గర ఎదురురావాలని దాని మీద అప్పు పెట్టకండి.

మూడుకుక్కలఇల్లు:
మిణుగురు ఆడది కాబట్టి ఒక మాట. వెనక నుంచి రక్తపు చుక్కలు కనబడితే ఎద అనుకుని వదిలెయ్యకండి. మా రెండోదానికి అలాగే అనుకున్నాం, రెండు నెలలైనా ఆగలేదు. చూస్తే లోపల కాలీఫ్లవర్ లాంటి గడ్డ. కుక్క నుంచి కుక్కకు జతకట్టడం ద్వారా అంటే క్యాన్సరట. పేరు వింటే గుండె జారింది కానీ వారానికొక విన్‌క్రిస్టిన్ సూదితో ఐదు వారాల్లో పూర్తిగా కరిగిపోయింది.

పశువైద్యురాలు_ఎస్:
అవును, బాగా నయమయ్యే రకం అది. మిణుగురుకు బలం వచ్చి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించినప్పుడు అన్నీ చూస్తారు. ప్లేట్‌లెట్లు తక్కువుండగా మాత్రం కత్తి పెట్టకూడదు, రక్తం ఆగదు.

కిటికీపక్క:
నాలుగు వారాలయ్యాయి, రాస్తానని రాయలేదు. డాక్సీ చివరి మాత్ర మొన్న వేశాను. క్యాలెండర్‌లో 28 గీతలూ పూర్తయ్యాయి. ప్లేట్‌లెట్లు పెరిగాయి. చెవుల పెచ్చులు రాలిపోయి లోపల గులాబీరంగు చర్మం వచ్చింది, వీపు మీద నూగులా నల్లటి బొచ్చు మొలుస్తోంది. నల్లకుక్క అని ఇప్పుడే తెలిసింది మాకు! రాత్రి గోకుడు చప్పుడు లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. నా చేతుల మీద వచ్చిన పొక్కులు కూడా మాయమయ్యాయి.

నేను ఇంకా దాన్ని ముట్టుకోలేదు. రెండుసార్లు అదే వచ్చి నా మోకాలిని ముక్కుతో తాకి వెళ్ళింది. తడిగా, చల్లగా. ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలంటే హార్నెస్ తొడగాలి కదా, అది ఎలా మొదలుపెట్టాలి?

గాలివాటు:
తొడగకండి. వారం పాటు నేల మీద పడేసి ఉంచండి. దాని మీదే తిండి ముక్కలు పెట్టండి. బకిల్ చప్పుడు దూరం నుంచి ఒకటి రెండుసార్లు వినిపించి ముక్క విసరండి.

కిటికీపక్క:
పొద్దున నేల మీద పెట్టాను. గంటసేపు చుట్టూ తిరిగింది. మధ్యాహ్నం చూస్తే నోట కరచుకుని పెట్టెలోకి తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. అమ్మ తలుపు సందులోంచి చూసి "లాక్కోకు, ఉంచుకోనీ" అంది.

రాత్రిడ్యూటీ:
మీ చివరి డోసు?

కిటికీపక్క:
నిన్న అయిపోయింది.